విండ్ టన్నెల్‌లో పైపు ఊగనంటోంది, ఏం చెయ్యాలి?

బొబ్బిలి_కుర్రోడు:

అందరికీ నమస్తే. విజయనగరంలో మెకానికల్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. సన్నగా పొడుగ్గా ఉండేవి, అంటే పొగగొట్టాలు, లైట్ స్తంభాలు, కరెంటు తీగలు లాంటివి గాలికి ఎందుకు వణుకుతాయో ప్రయోగం చేసి చూపించడం మా ప్రాజెక్టు. టాపిక్ ఎంచుకున్నది నేనే. తిత్లీ తుపానుకి వజ్రపుకొత్తూరు వైపు మా అమ్మమ్మ గారి ఊళ్లో కరెంటు స్తంభాలు వరసపెట్టి పడిపోవడం చూశాను, అప్పటి నుంచి బుర్రలో ఉంది.

మా లాబ్‌లో విండ్ టన్నెల్ (ఫ్యాన్‌తో గాలి తోలే సొరంగం) టెస్ట్ సెక్షన్, అంటే మోడల్ పెట్టే చోటు, 60 సెంటీమీటర్ల చదరం. గాలి వేగం సెకనుకు 5 మీటర్ల నుంచి 25 దాకా వెళ్తుంది, 5 కంటే తగ్గిస్తే ఫ్యాన్ నిలకడగా తిరగదు. మోడల్‌కి వైరింగ్ చేసే 25 మి.మీ. పీవీసీ పైపు, 55 సెం.మీ. పొడవు కోసి, కింద చెక్క దిమ్మలో బిగించాం. జారకుండా చుట్టూ రబ్బరు షీటు కూడా పెట్టాం. పైకొసన ఏడీఎక్స్‌ఎల్ 345 సెన్సర్ (ఊపు త్వరణం కొలిచే చిన్న చిప్) టేపుతో అతికించి ఆర్డునో బోర్డుకి (రీడింగులు తీసుకునే చిన్న కంప్యూటర్) కలిపాం.

5 నుంచి 25 దాకా మెల్లగా పెంచుకుంటూ పోతే ఏమీ రాలేదు. పైపు బిగదీసుకుని నిలబడింది. గ్రాఫ్‌లో అంతా ఫ్యాన్ మోటార్ వణుకే. 17 దగ్గర మాత్రం జుమ్మని ఒక శబ్దం వచ్చింది, అప్పుడు పైపు నడుమ వేలు ఆనిస్తే జివ్వుమంది, కానీ గ్రాఫ్‌లో అర్థమయ్యేదేమీ కనపడలేదు. మా గైడ్ గారు "స్పీడ్ చాలట్లేదు, ఇంకా పెంచాలి" అంటున్నారు, టన్నెల్‌లో ఇంకా లేదు కదా. రివ్యూ దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. పైపు సన్నది తీసుకోవాలా, పొడుగు పెంచాలా, సెన్సర్ మార్చాలా? తెలిసిన అన్నలు, అక్కలు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

రామతీర్థం_రాజు:

తమ్ముడూ, ఇది రెజొనెన్స్ కథ. అమెరికాలో టకోమా వంతెన గాలికి ఊగి ఊగి కూలిన వీడియో చూడు, అంతా అందులోనే ఉంది. పైపు ఫ్రీక్వెన్సీ, గాలి ఫ్రీక్వెన్సీ కలవాలి. కలవట్లేదంటే మీ గైడ్ చెప్పినట్టు స్పీడ్ పెంచడమే. టన్నెల్ చాలకపోతే పైపుని కారు టాప్‌కి బిగించి భోగాపురం హైవే మీద తీసుకుపో 😀

గాలిమర:

రాజు గారూ, ఫ్రీక్వెన్సీలు కలవాలన్నంత వరకు సరే. మిగతా రెండూ కాదు. కారు టాప్ ఆలోచన మాత్రం దయచేసి వద్దు, తమ్ముడికి డిగ్రీ ఇంకా రావాలి.

టకోమా సంగతి ముందు తేల్చేస్తాను, లేకపోతే ఈ థ్రెడ్ అంతా అక్కడికే పోతుంది. 1940 నవంబరు 7న ఆ వంతెన కూలినప్పుడు గాలి గంటకు సుమారు 68 కిలోమీటర్లు, వంతెన మెలికలు తిరిగింది 0.2 హెర్ట్జ్ దగ్గర, అంటే 5 సెకన్లకు ఒక మెలిక. అదే గాలికి వంతెన వెనక సుడులు విడిపడే వేగం లెక్కిస్తే 1 హెర్ట్జ్ దరిదాపుల్లో వస్తుంది. రెండూ కలవనే లేదు. అక్కడ వంతెన కదలికే గాలి నుంచి శక్తిని లాక్కుంది, దాన్ని ఫ్లట్టర్ అంటారు. నీ గుండ్రటి పైపు కథ వేరు.

నీ పైపు కథ ఇది. గుండ్రటి దేని మీదుగా గాలి వెళ్లినా దాని వెనక ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన సుడులు విడిపోతుంటాయి. ప్రతి సుడికీ పైపు మీద పక్కకి ఒక తోపు పడుతుంది. అందుకే పైపు గాలి వీచే దిక్కులో కాకుండా దానికి అడ్డంగా ఊగుతుంది, నీ సెన్సర్ అక్షం ఎటు పెట్టావో ముందు అది చూసుకో. సెకనుకు ఎన్ని జతల తోపులంటే (ఎడమదొకటి, కుడిదొకటి కలిపి ఒక జత), గాలి వేగాన్ని పైపు వ్యాసంతో భాగించి 0.2తో గుణించడమే. ఆ 0.2ని స్ట్రౌహల్ నంబర్ అంటారు. స్ట్రౌహల్ అనే చెక్ శాస్త్రవేత్త 1878లో తీగల్ని గాలిలో తిప్పి, వచ్చే శ్రుతిని వింటూ ఈ సంబంధం పట్టుకున్నాడు. మీ బొబ్బిలి వీణ తీగ మీటితే వచ్చే స్వరం బిగువును బట్టి మారుతుంది కదా, గాలి పాడించే స్వరానికి బిగువుతో పని లేదు, తీగ లావు, గాలి వేగం, అంతే.

ఇప్పుడు నీ లెక్క. 25 మి.మీ. పీవీసీ పైపు, 55 సెం.మీ. పొడవు, ఒక కొస బిగించి ఉంటే దాని సహజ ఫ్రీక్వెన్సీ, అంటే లాగి వదిలితే సెకనుకు వచ్చే ఊపులు, నా లెక్కలో 22 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. దాన్ని వ్యాసంతో గుణించి 0.2తో భాగిస్తే వచ్చేది సెకనుకు 2.75 మీటర్లు. మీ టన్నెల్ మొదలయ్యేదే 5 దగ్గర. అంటే ఫ్యాన్ ఆన్ చేసిన మొదటి రీడింగ్ నాటికే నీ బస్సు వెళ్లిపోయింది, ఇంకా వేగం పెంచడమంటే వెళ్లిపోయిన బస్సుకి ఎదురు దిక్కున పరిగెత్తడమే.

ఆ 17 దగ్గర జుమ్మన్నదే ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే విలువైన మాట. కింద బిగించిన కడ్డీకి రెండో మోడ్ (నడుమ ఒక వైపుకి, కొస ఇంకో వైపుకి వంగే ఊపు) ఫ్రీక్వెన్సీ మొదటిదానికి 6.27 రెట్లు. 22ని గుణిస్తే 138 హెర్ట్జ్. దానికి కావలసిన గాలి 17.2. నువ్వు విన్నది అదే! నడుమ వేలికి తగలడం కూడా సరిగ్గా సరిపోతుంది, రెండో మోడ్‌లో బాగా కదిలేవి నడుమ, పైకొస. మరి గ్రాఫ్‌లో ఎందుకు రాలేదంటే, ఆ చిప్ సెట్టింగ్ ఏమీ మార్చకపోతే సెకనుకు 100 రీడింగులే ఇస్తుంది, 138 హెర్ట్జ్ వణుకు అందులో నిజరూపంలో కనపడే ప్రశ్నే లేదు. కనీసం 800కి పెట్టుకో.

రెండో జబ్బు డ్యాంపింగ్, అంటే ఊపు తనంతట తాను చల్లారడం. పీవీసీ, చెక్క, రబ్బరు, ఈ మూడూ ఊపుని మింగేసేవే. ఫ్యాన్ ఆపేసి, పైపు కొసని వేలితో లాగి వదులు. ఎన్ని ఊపులకి సగం తగ్గిందో చూడు. ఉదాహరణకి 10 ఊపుల్లో సగం అయ్యిందనుకో, లాగరిథమిక్ డిక్రిమెంట్ (ఒక్కో ఊపుకీ ఎంత తగ్గిందో చెప్పే సంఖ్య) 0.07. ఇప్పుడు స్క్రూటన్ నంబర్ లెక్కించు, మీటరు పొడవు బరువుని డిక్రిమెంట్‌తో గుణించి రెండు రెట్లు చేసి, గాలి సాంద్రత, వ్యాసం వర్గం, ఈ రెండిటి లబ్ధంతో భాగించడం. ఆ పైపు మీటరుకి సుమారు 165 గ్రాములు ఉంటుంది, వచ్చేది 30. ఈ నంబరు 10 లోపు ఉంటే పెద్దగా ఊగుతుంది, 30 దాటితే ఊపు కంటికి కనపడదు. కాబట్టి మీ టన్నెల్ 2.75 దగ్గర నిలకడగా తిరిగినా నీ పైపు పెద్దగా ఊగేది కాదు.

హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి 25 మి.మీ. అల్యూమినియం కర్టెన్ రాడ్డు తెచ్చుకో, గోడ మందం 1 మి.మీ. ఉండేది. అదే 55 సెం.మీ.కి లెక్క ప్రకారం 80 హెర్ట్జ్, బిగింపు ఎప్పుడూ పుస్తకంలో ఉన్నంత గట్టిగా ఉండదు కాబట్టి 70 అనుకో. 70కి కావలసిన గాలి 8.75. మీ టన్నెల్ హాయిగా తిరిగే చోటే పడుతుంది. డ్యాంపింగ్ కూడా తక్కువ, స్క్రూటన్ నంబర్ 5 చుట్టుపక్కల వస్తుంది. వర్క్‌షాప్‌లో పాత లేత్ చక్ (లేత్ మిషన్‌లో కడ్డీని దవడలతో పట్టుకునేది) ఏదైనా పడి ఉంటే, నాలుగు దవడలది, దాన్ని నేలకి బోల్ట్ చేసి రాడ్డుని అందులో బిగించు. రాడ్డు నలగకుండా లోపల ఒక మొద్దు దూర్చు. టన్నెల్ ఫ్రేమ్‌కి మాత్రం ముట్టుకోనివ్వకు, ఫ్యాన్ వణుకు నీ గ్రాఫ్‌లోకి ఎక్కేది ఆ దారినే. కింద రాడ్డు చుట్టూ ఉండే సందుని పలచటి ప్లాస్టిక్ కవరుతో మూస్తే చాలు.

సెన్సర్ కొసన పెట్టకు. కొసన కాస్త బరువు పెట్టినా ఫ్రీక్వెన్సీ పడిపోతుంది, అక్కడి నుంచి వేలాడే వైర్లు డ్యాంపింగ్ పెంచుతాయి. ఇంకోటి, 70 హెర్ట్జ్ దగ్గర కొస 2 మి.మీ. ఊగినా త్వరణం దాదాపు 40 జీ (భూమి ఆకర్షణకి 40 రెట్లు), ఆ చిప్ కొలిచేది 16 దాకానే. కింద నుంచి పావు ఎత్తులో పెట్టు, అక్కడ ఊపు కొసలో పదో వంతు ఉంటుంది, లెక్కించి పైకి తెచ్చుకోవచ్చు. స్ట్రెయిన్ గేజ్ (రాడ్డు ఎంత వంగిందో కొలిచే పలచటి పట్టీ) అతికించడం వచ్చిన వాళ్లుంటే రాడ్డు మొదలు దగ్గర గేజ్ పెట్టడం ఇంకా మేలు.

గాలి వేగం దేంతో కొలుస్తున్నావో రాయలేదు. గాలి ఒత్తిడిని నీటి మట్టంలో చూపే పిటోట్ గొట్టం, నీళ్ల మానోమీటర్ అయితే 8.5 దగ్గర నీటి మట్టంలో తేడా 4.4 మి.మీ. మాత్రమే వస్తుంది, నిలువు గొట్టంలో అది చదవడం కష్టం, గొట్టాన్ని వాల్చి పెట్టాలి.

కాశీబుగ్గ_జీడి:

మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. ఈ సుడుల సంగతి చదివాక అడక్కుండా ఉండలేకపోయాను. మాది పలాస దగ్గర జీడి ఫ్యాక్టరీ, జీడిగింజలు ఉడకబెట్టే బాయిలర్‌కి రేకు పొగగొట్టం ఉంది. ఎత్తు 20 మీటర్లు, లావు 60 సెంటీమీటర్లు, రేకు 5 మి.మీ. తిత్లీ మా నెత్తి మీద నుంచే పోయింది కదా, తెల్లవారేసరికి తోటలో జీడిచెట్టు ఒక్కటి నిలబడలేదు, షెడ్డు రేకులు ఎక్కడికి పోయాయో తెలీదు, గొట్టం మాత్రం చెక్కు చెదరలేదు. అది చూసి మా నాన్న గారు దానికి కొబ్బరికాయ కూడా కొట్టారు.

అలాంటిది, వేసవి సాయంత్రాలు సముద్రం గాలి హాయిగా వీస్తుంటే ఊగుతోంది! గాలి తూర్పు నుంచి వస్తుంటే గొట్టం ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతుంది, ఇదేటి విడ్డూరం అని పనివాళ్లు కింద నిలబడి చూస్తారు. ఫోన్‌లో లెక్కపెడితే 20 సెకన్లకి 30 ఊపులు. గాలి కాస్త పెరిగితే దానంతట అదే ఆగిపోతుంది. కింద బోల్టులు రెండు వదులయ్యాయి, అడుగు వెల్డింగ్ దగ్గర పెయింట్ పగిలి సన్నటి తుప్పు గీత కనపడుతోంది. కట్టిన ఫాబ్రికేటర్ని అడిగితే "తుపానుకే ఆగింది, ఈ గాలికి ఏమవుద్ది సార్" అని నవ్వేశాడు. నిజంగా ఏమీ కాదా?

గాలిమర:

జీడి గారూ, మీరు రాసింది ఏ లాబ్ రిపోర్టుకీ తీసిపోదు. మీ ఫాబ్రికేటర్ నవ్వు చూసి ఊరుకోకండి.

20 సెకన్లకి 30 అంటే 1.5 హెర్ట్జ్. మీరిచ్చిన కొలతలతో కాగితం మీద లెక్కించినా సరిగ్గా అంతే వస్తోంది. 1.5ని 0.6తో గుణించి 0.2తో భాగిస్తే సెకనుకు 4.5 మీటర్లు, గంటకు 16 కిలోమీటర్లు. మీ సాయంత్రపు సముద్రం గాలి అదే. తుపానులో సెకనుకు 40 మీటర్ల గాలి వీచినప్పుడు సుడులు సెకనుకు 13 జతల చొప్పున విడిపడ్డాయి, 1.5తో దానికి సంబంధం లేదు. పైగా తుపాను గాలి కుదుపులు కుదుపులుగా వస్తుంది, సుడులు పై నుంచి కింద దాకా ఒకే లయలో ఏర్పడవు. అప్పుడు గొట్టం మీద పడింది నేరుగా తోసే బలం, దానికి సరిపడా రేకు, బోల్టులు ఉన్నాయి కాబట్టి నిలబడింది. ఈ ఊపుకి గాలి బలంగా ఉండక్కర్లేదు, నిలకడగా ఉంటే చాలు.

లోపల ఇటుక లైనింగ్ లేని రేకు గొట్టానికి డిక్రిమెంట్ 0.02 అనుకుంటే మీ స్క్రూటన్ నంబర్ 7. ఊగడంలో ఆశ్చర్యం లేదు. ప్రమాదం ఒక్క ఊపులో లేదు, సెకనుకు ఒకటిన్నర చొప్పున గంటకు 5400 ఊపులు, రోజూ సాయంత్రం, సీజనంతా. ఇనుము అలిసిపోయి పగిలేది ఇలాగే. పెయింట్ పగిలిన గీత తుప్పు కాకపోవచ్చు, వెల్డింగ్ పగులు కావచ్చు. దాన్ని గోకి, డై పెనెట్రెంట్ పరీక్ష (రంగు పూసి పగులుని బయటపెట్టేది) చేయించండి, పెద్ద ఖర్చు కాదు. ఆ ఫలితం వచ్చేదాకా గాలి నిలకడగా ఉన్న సాయంత్రాలు గొట్టం కింద ఎవర్నీ కూర్చోనివ్వకండి.

మందు విషయానికొస్తే, అందరూ చెప్పేది పైభాగానికి మెలికలు తిరిగే రెక్కలు వేయమని. ఇంగ్లండ్‌లో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో స్క్రూటన్, వాల్ష్ 1950లలో టన్నెల్‌లో పరీక్షించి తేల్చిన పద్ధతి అది. మూడు రెక్కలు, రెక్క ఎత్తు వ్యాసంలో పదో వంతు, ఒక చుట్టుకి ఐదు వ్యాసాల ఎత్తు, గొట్టం పై మూడో వంతు మేర. సుడులు ఒక్కో ఎత్తులో ఒక్కో వేళకి విడిపడతాయి, తోపులన్నీ ఒకేసారి పడవు. బాగా పనిచేస్తుంది. కానీ పలాసలో ఉన్నవాళ్లకి నేను కళ్లు మూసుకుని ఇది చెప్పను. రెక్కలు వేసిన భాగం మీద గాలి తోపు నున్నటి గొట్టం మీద కంటే చాలా ఎక్కువ, రెట్టింపు దాకా పోవచ్చు. అది కూడా పైకొసన. అంటే సాయంత్రపు గాలికి మందు వేసి తుపానుకి గండి కొట్టినట్టవుతుంది. రెక్కలతో కలిపి అడుగు బోల్టులు, పునాది తుపాను గాలికి ఆగుతాయో లేదో మళ్లీ లెక్కించకుండా వెల్డింగ్ మొదలుపెట్టొద్దు. భారత ప్రమాణాల్లో ఐఎస్ 6533 రెండో భాగం రేకు గొట్టాల డిజైన్ గురించే, గాలి బలాలకి ఐఎస్ 875 మూడో భాగం. స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి ఈ రెండు పేర్లు చెబితే చాలు.

మీ చోటుకి నా ఓటు డ్యాంపింగ్ పెంచడానికే. పైన రబ్బరు తొడిగిన గొలుసులు వేలాడదీసే డ్యాంపర్లు ఉంటాయి, ట్యూన్డ్ మాస్ డ్యాంపర్లు (ఎదురు ఊగి ఊపుని తినే బరువులు) ఉంటాయి. తుపాను తోపు వాటివల్ల పెద్దగా పెరగదు. కొంచెం ఖరీదు, ఏడాదికోసారి ఎక్కి చూసుకోవాలి, ఉప్పుగాలికి గొలుసు కూడా తుప్పు పడుతుంది కదా.

లైన్_ఇన్‌స్పెక్టర్:

నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైన వాణ్ణి, ఊరు టెక్కలి. బొబ్బిలి బాబూ, మొదట నీ స్తంభాల సంగతి. తిత్లీకి పడినవి వణికి పడినవి కావు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140, 150, కుదుపుల్లో 165 దాకా ఉంది. చెట్లు తీగల మీద పడ్డాయి, ఒక స్తంభం పడితే తీగ లాగి పక్కదాన్నీ, అది ఆ పక్కదాన్నీ పడేసింది. నువ్వు చూసిన "వరస" అదే. సిమెంటు స్తంభం మొదలు దగ్గర విరిగింది, లేదా తడిసిన నేలలోంచి ఒరిగింది. దాన్ని నీ ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో పెడితే ఎగ్జామినర్ అక్కడే పట్టుకుంటాడు, ముందే చెబుతున్నాను.

నీకు కావలసిన ఉదాహరణ తీగల్లో ఉంది. హైవే మీద వెళ్తూ పెద్ద టవర్ల దగ్గర పైకి చూడు, తీగని టవర్‌కి పట్టుకునే క్లాంప్‌కి కాస్త ఇవతల, రెండు కొసలా గుండ్లున్న చిన్న డంబెల్ లాంటిది తీగకి వేలాడుతూ ఉంటుంది. స్టాక్‌బ్రిడ్జ్ డ్యాంపర్ అంటారు, అమెరికాలో స్టాక్‌బ్రిడ్జ్ అనే ఇంజనీర్ 1920లలో కనిపెట్టాడు. చాలామంది దాన్ని పిట్టలు వాలకుండా పెట్టారనుకుంటారు. 400 కేవీ లైన్లలో వాడే మూస్ తీగ లావు దాదాపు 32 మి.మీ. సెకనుకు 3 మీటర్ల పిల్లగాలికి, పైన గాలిమర గారి లెక్క వేసి చూడు, 19 హెర్ట్జ్ వస్తుంది. కంటికి కనపడదు, ఊపు తీగ లావంత కూడా ఉండదు, కానీ క్లాంప్ నోటి దగ్గర తీగ రోజుల తరబడి వంగుతూ లేస్తూ, పోగులు ఒక్కోటీ తెగుతాయి. మాకు పై అధికారులు చెప్పిన మాట, చెట్లూ ఇళ్లూ ఉన్న చోట కంటే పొలాల మీదా, వంశధార దాటే చోటా డ్యాంపర్లు జాగ్రత్తగా చూడమని. అడ్డు లేని చోట గాలి నిలకడగా వస్తుంది కాబట్టి.

డ్యాంపర్‌ని ఎక్కడ పడితే అక్కడ బిగించినా పనిచేయదు. తీగ కదలని బిందువు దగ్గర పడిందంటే గుండ్లు ఊగవు, ఊగకపోతే శక్తి తినదు.

రామతీర్థం_రాజు:

సరే, టకోమా సంగతి తెలిసింది. ఒక డౌట్. మా కాలనీలో చదరపు గొట్టంతో చేసిన సైన్‌బోర్డు స్తంభం ఉంది, అది ఒకసారి ఊగడం మొదలుపెడితే గాలి పెరిగినా ఆగదు, ఇంకా ఎక్కువవుతుంది. జీడి గారి గొట్టం ఆగిపోతుంది కదా మరి?

గాలిమర:

మంచి ప్రశ్న. దాన్ని గ్యాలపింగ్ అంటారు. గుండ్రటిదానికి ఏ వైపు నుంచి గాలి వచ్చినా ఒకటే, చదరానికి అలా కాదు. అది కొంచెం కదిలితే గాలి తగిలే కోణం మారుతుంది, ఆ కోణం వల్ల పుట్టే బలం కదిలిన వైపుకే ఇంకా తోస్తుంది. ఒక వేగం దాటాక మొదలై ఆ పైన పెరుగుతూనే పోతుంది. డెన్ హార్టాగ్ సూత్రం అని పుస్తకాల్లో దొరుకుతుంది. మీ కాలనీ వాళ్లకి చెప్పి ఆ స్తంభానికి ఏదో ఒకటి చేయించండి, అది నిజంగానే పడుతుంది. బొబ్బిలి తమ్ముడూ, నువ్వు మాత్రం చదరం జోలికి పోకు, ఒక ప్రాజెక్టుకి ఒక జబ్బు చాలు.

బొబ్బిలి_కుర్రోడు:

అందరికీ పెద్ద థాంక్స్. కర్టెన్ రాడ్డు, వర్క్‌షాప్‌లో పడి ఉన్న పాత చక్, అన్నీ దొరికాయి. లాగి వదిలితే 68 హెర్ట్జ్ వచ్చింది, సగం తగ్గడానికి 60 ఊపులు పట్టాయి. లెక్క ప్రకారం 8.5 దగ్గర రావాలి కదా, 8 దాకా ఏమీ లేదు, 8.5 దాటగానే బూమ్మని రాడ్డు మసకబారిపోయింది అన్నా! వెనక గ్రాఫ్ పేపర్ అంటించి చూస్తే కొస అటూ ఇటూ 4 మి.మీ. దాకా వెళ్తోంది. గాలి పెంచుతుంటే ఫ్రీక్వెన్సీ కూడా పెరగాలి కదా, కానీ 10 దాటేదాకా 68 దగ్గరే పట్టుకుని కూర్చుంది, ఆ తర్వాత ఒక్కసారిగా వదిలేసింది. వేగం తగ్గిస్తూ వస్తే అదే చోట మొదలవ్వలేదు, ఇంకా కిందికి వచ్చాక గానీ పట్టుకోలేదు. మా గైడ్ గారు అరగంట అక్కడే నిలబడి ఫ్యాన్ రెగ్యులేటర్ ఆయనే తిప్పారు.

ఇప్పుడు ఆయన రెక్కలు కూడా పెట్టి చూపించమంటున్నారు. 1 చదరపు మి.మీ. కరెంటు వైరు మూడు చుట్లుగా ఫెవిక్విక్‌తో అతికిద్దామనుకుంటున్నాం, ఇన్సులేషన్‌తో కలిపి రెండున్నర మి.మీ. పైనే ఉంది. సరిపోతుందా?

గాలిమర:

ఆ పట్టుకుని కూర్చోవడాన్నే లాక్-ఇన్ అంటారు. రాడ్డు ఊగడం మొదలెట్టాక సుడులే దాని లయకి లొంగిపోతాయి. పెంచేటప్పుడు ఒక దారి, తగ్గించేటప్పుడు ఇంకో దారి రావడం కూడా మామూలే, 1968లో కెనడాలో ఫెంగ్ అనే విద్యార్థి థీసిస్‌లో ఇదే చూపించాడు, ఇప్పటికీ అందరూ ఆ గ్రాఫ్ పక్కనే తమది పెట్టుకుంటారు. నువ్వూ రెండు గీతలూ వేరువేరు రంగుల్లో గీయి, సగటు తీసి ఒకటి చేసేయకు. అడ్డం అక్షం మీద వట్టి వేగం కాకుండా, వేగాన్ని ఫ్రీక్వెన్సీ, వ్యాసాల లబ్ధంతో భాగించి పెట్టు, నీ ఊపు 5 దగ్గర మొదలవుతుంది. అప్పుడు జీడి గారి గొట్టమూ, ఇన్‌స్పెక్టర్ గారి తీగా, నీ రాడ్డూ ఒకే అక్షం మీదికి వస్తాయి. ఒక్క తేడా రాసుకో, 60 సెం.మీ. గొట్టం దగ్గర రేనాల్డ్స్ నంబర్ (వేగాన్ని, వ్యాసాన్ని గాలి జిగటతో పోల్చే సంఖ్య) లక్షన్నర దాటుతుంది, నీది 15 వేల లోపు. కాబట్టి నీ రాడ్డు ఎంత ఊగిందో చూసి ఆ గొట్టం ఎంత ఊగుతుందో చెప్పేయకూడదు.

రెక్కలకి గుండ్రటి వైరు కంటే పదునైన అంచున్న పట్టీ మేలు, 2.5 మి.మీ. వెడల్పు ప్లాస్టిక్ పట్టీని నిలువుగా అతికించగలిగితే అది చెయ్యి. ఒక చుట్టుకి 125 మి.మీ. అసలు మెలిక ఎక్కడుందంటే, వైరూ ఫెవిక్విక్కూ డ్యాంపింగ్‌ని కూడా పెంచుతాయి, బరువునీ పెంచుతాయి. ఊపు తగ్గితే అది రెక్కల గొప్పో, జిగురు గొప్పో ఎగ్జామినర్ అడుగుతాడు. అందుకని రెక్కలు అతికించాక ఫ్యాన్ ఆన్ చేయకముందే మళ్లీ లాగి వదిలి కొలువు. డ్యాంపింగ్ పెరిగిందనుకో, రెక్కలు లేని ఇంకో రాడ్డుకి మొదలు దగ్గర కాస్త టేపు చుట్టి డ్యాంపింగ్ అంతే చేసి, రెండిటినీ పోల్చు.

ఇంకో మాట, 68 హెర్ట్జ్ అంటే గంటకు దాదాపు రెండున్నర లక్షల ఊపులు. చక్ దవడ అంచు దగ్గర అల్యూమినియం పగులుతుంది, ఎప్పుడన్నదే ప్రశ్న. రాడ్డు ఎగిరి ఫ్యాన్‌లోకి వెళ్లకుండా వెనక వల కట్టు, కళ్లద్దాలు పెట్టుకో, రీడింగ్ అవ్వగానే వేగం మార్చేయి. పాత రాడ్డు ఫ్రీక్వెన్సీ 68 నుంచి 66కో 65కో జారిందంటే పగులు మొదలైనట్టే, పారేసి కొత్తది బిగించు.

కాశీబుగ్గ_జీడి:

ఫ్రీక్వెన్సీ జారితే పగులు అంటున్నారు. అయితే మా గొట్టాన్ని కూడా అలా కనిపెట్టొచ్చా? ఊపులు లెక్కపెట్టుకుంటూ ఉంటే?

గాలిమర:

కొంతవరకు. నెలకోసారి ఫోన్ స్టాండ్ మీద పెట్టి వీడియో తీసి లెక్కపెట్టి, గోడ మీద తేదీ వేసి రాసుకోండి, ఖర్చు లేని పని. ఊపులు తగ్గాయంటే బోల్టులు వదులవడమో, పునాది కదలడమో, పగులో, ఏదో ఒకటి ఉంది. కానీ చిన్న పగులు దీనికి దొరకదు, కాబట్టి డై పెనెట్రెంట్ పరీక్ష మానొద్దు. అదే రోజు అల్ట్రాసోనిక్ గేజ్‌తో రేకు మందం కూడా కొలిపించండి, ముఖ్యంగా పైన రెండు మీటర్లు, కింద బూడిద తలుపు దగ్గర. 5 మి.మీ. అని మీరన్నది కట్టిన రోజు మాట. రేకు పలచబడితే బరువు తగ్గుతుంది, స్క్రూటన్ నంబర్ తగ్గుతుంది, ఊపు పెరుగుతుంది. ఆ మందం చేతికి వచ్చాకే డ్యాంపర్ ధరలు అడగండి, కొన్ని గొట్టాలకి డ్యాంపర్ కంటే కొత్త పైముక్క చవక.